ఉయ్యాలకు ఉద్వాసన

దేవుణ్ని పిలవడానికి మనకు ఆవాహన ఉంది, పంపడానికి ఉద్వాసన ఉంది. వినాయకుణ్ని తొమ్మిది రోజులు కూర్చోబెట్టి, ఆపైన ఏ చెరువుకో కాలవకో మేళతాళాలతో సాగనంపుతాం. పెళ్లికి వేసిన పందిరిని పదహార్రోజుల పండగ దాకా ఉంచినా, ఆ తర్వాత రాటలు పీకి గోతులు పూడ్చేస్తాం. అట్లతద్దికి చింతకొమ్మకు కట్టిన ఉయ్యాలను ఊగేవాళ్ల మోజు తీరాక విప్పేసి, మోకును చుట్టచుట్టి కొట్టంలో పెట్టేవాళ్లు. మర్నాడు దానికి వేరే పని ఉండేది. ఆఖరికి మంత్రులకు కూడా ఉద్వాసన తప్పదని పత్రికలు రాస్తూనే ఉంటాయి. ఈ భూమ్మీద ఉద్వాసన లేనిది ఒక్కటే: మున్సిపాలిటీ పార్కులోని ఇనప ఉయ్యాల.

మా కాలనీ పార్కు గేటు దాటగానే నల్ల గ్రానైటు శిలాఫలకం కనిపిస్తుంది. బంగారు రంగు అక్షరాల్లో పద్నాలుగు పేర్లు: అధ్యక్షులు, ముఖ్య అతిథులు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు. ఆ రాయి మీద ఇంతవరకూ చిన్న గీత పడలేదు. దాని వెనకాల, ఆ పద్నాలుగు మందీ కలిసి ప్రారంభించిన ఉయ్యాల, జారుడుబల్ల, గిరగిరా తిరిగే చక్రం ఉన్నాయి. ఉన్నాయని మర్యాద కోసం అంటున్నాను.

ఉయ్యాలకు రెండు బల్లలు ఉండాలి. ఒక బల్ల సంత నుంచి తెచ్చిన కోడిలా ఒంటి గొలుసు మీద తలకిందులుగా వేలాడుతోంది. రెండోది లేదు. దాని గొలుసు కొస గాలికి ఊగి పిల్లల నెత్తికి తగులుతోందని, ఎవరో తల్లి పాత చీర పేలికతో పైకి కట్టేసింది. పార్కు మొత్తం మీద భద్రతా చర్య అనదగ్గది ఆ చీర పేలిక ఒక్కటే. జారుడుబల్లకు తొమ్మిది మెట్లు, అందులో నాలుగోది లేదు. కింద రేకు చీలి, పడగెత్తిన పాములా జానెడు పైకి లేచింది. ఐదేళ్ల పిల్లాడెవడైనా కొత్తగా వస్తే ఎనిమిదేళ్ల పిల్ల పాఠం చెబుతుంది: “నాలుగోది లేదు, కాలు చాపి ఐదోదాని మీద పెట్టు. కిందికొచ్చేసరికి ఎడమకి ఒరుగు. చక్రం దగ్గరికి మాత్రం పోకు, అది వేళ్లు తింటుంది.” ఇంజినీరింగు విభాగం ఎన్నడూ చెయ్యని తనిఖీ ఆ పిల్ల రోజూ సాయంత్రం ఐదింటికి జీతం లేకుండా చేస్తోంది.

జారుడుబల్ల కింద ఇసుక ఉండాల్సిన చోట ఇంటర్‌లాకింగ్ టైల్స్ పరిచారు. పిల్లాడు ఇసుక మీద పడితే దులుపుకుని లేస్తాడు, టైల్స్ మీద పడితే అమ్మను పిలుస్తాడు, ఒక్కోసారి అంబులెన్సును కూడా. కానీ మన దగ్గర ఇసుక అంటే మాటలా? దాని మీద విధానాలు వస్తాయి, పోతాయి, ప్రభుత్వాలూ వస్తాయి, పోతాయి. అంత ఖరీదైన సరుకును పిల్లల మోకాళ్ల కింద పోస్తామా? ఇక మే నెలలో, రెంటచింతల ఎండ మన దాకా వచ్చినప్పుడు, ఆ రేకు మీద అట్టు పోస్తే రెండు నిమిషాల్లో తిరగేయొచ్చు. పిల్లలు నిక్కరు వేసుకుని దాని మీదే కూర్చుంటారు.

ఇదంతా చూసి మున్సిపాలిటీ ఊరుకుందా అంటే, ఊరుకోలేదు. రంగు వేసింది. పంద్రాగస్టుకు ముందోసారి, పెద్దవాళ్లెవరైనా వస్తున్నారంటే ముందోసారి, ప్రభుత్వం మారగానే తప్పనిసరిగా ఒకసారి. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు పార్టీ రంగులు వద్దని 2020లో హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టూ చెప్పింది. జారుడుబల్ల పేరు ఎవరూ ఎత్తలేదు. దాని కాలిని గోరుతో గీరి చూడండి. చెట్టు మొద్దులో వయసు వలయాలున్నట్టు పొరపొరనా ఎన్నికల చరిత్ర బయటపడుతుంది. ఇప్పుడు అక్కడ పైపు రంగును మొయ్యడం లేదు, రంగే పైపును మోస్తోంది.

ఆ అడుగు పొరల సంగతి కాస్త వినండి. మన దేశంలో ఇళ్లకు, అలంకరణకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదని 2016లో నియమాలు చేశారు. 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చారు. అంతకుముందు వేసిన ఎనామెల్ పొరల్లో ఎంత సీసముందో ఆ డబ్బాకే తెలియాలి. పిల్లల ఒంట్లోకి ఇంతవరకైతే సీసం చేరినా పరవాలేదు అనే హద్దేమీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనవాళ్లు కొత్త రంగు వేసేముందు పాతదాన్ని సాండ్‌పేపరుతో బరబరా గీకుతారు. ఆ పొడి అక్కడి మట్టిలోనే రాలుతుంది. సాయంత్రం పిల్లలు ఆ మట్టిలో ఆడి, అవే చేతులతో పల్లీలు తింటారు. సున్నా ఖర్చుతో పౌష్టికాహార పథకం.

సరే, పౌరుణ్ని కదా అని ఒకరోజు ఆఫీసుకు వెళ్లాను.

“సార్, ఆ ఉయ్యాల తీసేయించండి” అన్నాను.

“దేనికండీ?”

“తుప్పు పట్టింది.”

“రంగు వేయిస్తాం.”

“స్తంభాలే ఊగుతున్నాయి సార్.”

ఆయన నన్ను జాలిగా చూశాడు. “ఉయ్యాలన్నాక ఊగదా అండీ?”

ఇంత లోతైన ఇంజినీరింగు నాకు తెలియదు కాబట్టి నీళ్లు నమిలాను. ఆయనే దయతలిచి అసలు విషయం విప్పాడు. “ముందు అది మా రిజిస్టర్లో ఉందో లేదో చూడాలి. ఉంటే అలా తీసెయ్యడానికి వీల్లేదు. అది ప్రభుత్వ ఆస్తి, కండెం చెయ్యాలి. లేకపోతే అసలే తీయకూడదు. మనది కానిదాన్ని మనమెలా తీస్తాం?”

“కండెం చెయ్యాలంటే?”

“కమిటీ వెయ్యాలి. కమిటీ చూడాలి. విలువ కట్టాలి. వేలం పెట్టాలి. కట్టిన విలువకి ఎవరూ పాడకపోతే మళ్లీ కమిటీ వెయ్యాలి.”

“ఈలోగా ఎవరి చెయ్యయినా తెగితే?”

“దానికి వేరే విభాగం ఉంది. ఆరోగ్యం.”

ఆయన్ని తిట్టడానికి నాకు మనసు రాలేదు. తప్పు ఆయనది కాదు, పెట్టడానికీ పీకడానికీ మధ్య ఉన్న తేడాది. కొత్త ఉయ్యాలకు ఎస్టిమేటు ఉంటుంది, టెండరు ఉంటుంది, కొలతలు రాసే ఎం బుక్కు ఉంటుంది, బిల్లు ఉంటుంది, ఆ బిల్లు దారిపొడుగునా దాహం తీర్చుకునేవాళ్లుంటారు. చివర్న రిబ్బను, కత్తెర, శాలువా, ఫొటో. పాత ఉయ్యాల పీకడానికి ఏముంది? కొబ్బరికాయ కొట్టరు. ఫ్లెక్సీ కట్టరు. ‘ప్రమాదకరమైన జారుడుబల్లను తొలగించిన ప్రియతమ నాయకునికి శుభాకాంక్షలు’ అని ఏ కూడలిలోనైనా చూశారా? పెట్టినవాడి పేరు రాయి మీద ఉంటుంది. పీకినవాడి పేరు ఆడిట్ అభ్యంతరంలో ఉంటుంది. ఎవడు పీకుతాడు?

అయినా పీకేవాళ్లు లేకపోలేదు. మా వీధిలోకి ఆదివారం ఆదివారం ఒక ట్రాలీ ఆటో వస్తుంది. ‘పాత ఇనప సామాన్లు కొంటాం’ అని రికార్డు చేసిన గొంతు మైకులో మోగుతుంటుంది. అతనికి పార్కు చూపించాను. చుట్టూ ఒకసారి తిరిగి, స్తంభం మొదట్లో స్క్రూడ్రైవరుతో పొడిచాడు. పకోడీలోకి వేలు దిగినట్టు దిగింది. “పైన చూసి ఏం లాభం సార్? ఇనుము ఎప్పుడూ నేల అంచునే పుచ్చుద్ది. నీళ్లూ గాలీ కలిసేది అక్కడే కదా” అన్నాడు. నాలుగేళ్ల ఇంజినీరింగు చదువు ఆ రెండు ముక్కల్లో అయిపోయింది. “నాకిస్తే ఒక్క పూటలో విప్పి పట్టుకుపోతా. కానీ పగలు విప్పితే దొంగంటారు సార్. రాత్రి విప్పేవాణ్ని ఎవరూ ఏమీ అనరు.”

అతని మాటే నిజమైంది. కమిటీ కూర్చోకముందే రాత్రి కాంట్రాక్టర్లు పని మొదలెట్టారు. మొదటి వారం గొలుసులు పోయాయి. చీర పేలిక మాత్రం వదిలేశారు, నీతిమంతులు. తర్వాత రేకు పోయింది, తర్వాత అడ్డపైపు. నెల తిరిగేసరికి టెండరు లేకుండా, బిల్లు లేకుండా, ఒక్క రూపాయి ప్రజాధనం ఖర్చు కాకుండా పార్కు ఖాళీ అయింది. ప్రభుత్వ పనుల్లో ఇంత సకాలంలో పూర్తయింది ఇదొక్కటే. కానీ దొంగ కూడా మన ఊరివాడే కదా, పని సగంలో ఆపాడు. పునాది తవ్వడం కష్టమని, స్తంభాలను నేలకు బెత్తెడు ఎత్తున హాక్సాతో కోసి పట్టుకుపోయాడు. ఇప్పుడు గడ్డిలో నాలుగు మొండి పైపులు పైకి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, కోసిన అంచు బ్లేడులా మెరుస్తూ. నిలబడి ఉన్నన్నాళ్లూ ఉయ్యాల తన ప్రమాదాన్ని దూరం నుంచే చాటేది. ఈ మొండేలు పరిగెత్తే పిల్లాడి కాలికి తగిలాకే తెలుస్తాయి. ధనుర్వాతం తుప్పులో ఉండదు, మట్టిలో ఉంటుంది. తుప్పు పైపు చర్మంలో దానికి తలుపు తెరిచి పెడుతుంది, అంతే.

యూరపువాళ్లకు ఆటస్థలాల మీద ఈఎన్ 1176 అని ఒక ప్రమాణం ఉంది. పరికరాన్ని తీసేస్తే నేలలో మిగిలిన పునాదిని కూడా తీసెయ్యాలి, లేదా ఎవరికీ తగలకుండా కప్పెయ్యాలని అందులో రాసుకున్నారు. పైపైన రోజువారీ చూపు, కొన్ని నెలలకోసారి గట్టి పరీక్ష, ఏడాదికోసారి పూర్తి తనిఖీ అని లెక్క పెట్టుకున్నారు. పిచ్చివాళ్లు. పంద్రాగస్టు రంగు సరిపోతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

సరే, మనకు శాస్త్రం లేకపోతే కర్మకాండ ఎలా అని, విశ్వకర్మకు నమస్కరించి నేనే ఉద్వాసన విధి రాశాను. ఇళ్ల పెరళ్లలో, అపార్టుమెంటు తోటల్లో పాత ఉయ్యాలలున్నవాళ్లకూ పనికొస్తుంది.

ముందుగా ముహూర్తం. పిల్లలు బడిలో ఉన్న వేళ చూసుకుని, చుట్టూ తాడు కట్టి మొదలెట్టాలి, అదే రోజు ముగించాలి. సగం విప్పిన ఉయ్యాలంత ఆకర్షణ పిల్లలకు కొత్త ఉయ్యాలలోనూ ఉండదు. ముందు రోజు సాయంత్రమే తుప్పుపట్టిన నట్లకు కిరసనాయిలో డీజిలో పట్టించాలి, ఇది అభ్యంగనం. రాత్రంతా నానితే సగం నట్లు మర్నాడు మాట వింటాయి. మిగతావాటికి గ్రైండరే గతి. కళ్లద్దాలు, మందపాటి తొడుగులు, బూట్లు లేకుండా గ్రైండరు ముట్టుకోకూడదు. హవాయి చెప్పులతో, నోట్లో బీడీతో కోసే మన సంప్రదాయానికి అపచారమే, క్షమించాలి.

పని మొదలుపెట్టేముందు పైపు చివర్లలోకి, బల్ల అడుక్కి ఒకసారి తొంగిచూడాలి. పాత ఉయ్యాలలో కందిరీగలు కమిటీకన్నా ముందే కూర్చుని ఉంటాయి. తర్వాత ఊగేవి, తిరిగేవి మొదట విప్పాలి: బల్లలు, గొలుసులు, చక్రం. ఆపైన అడ్డపైపు. దాన్ని రెండువైపులా తాళ్లతో ఇద్దరు పట్టుకున్నాకే బోల్టు వదలాలి. స్తంభాలు అన్నిటికన్నా ఆఖరున. మనవాళ్లు ముందు స్తంభం కోస్తారు. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాడి కథ మనకు ఊరికే రాలేదు. జింకుపూత ఉన్న పైపును గ్యాసు కట్టరుతో కోస్తే తెల్లటి పొగ వస్తుంది. అది పీల్చిన కుర్రాడికి ఆ రాత్రి చలీ జ్వరం రావచ్చు. మర్నాటికి తగ్గిపోతే దిష్టి తగిలిందనుకుంటారు. అలాంటి పైపును వీలైనంతవరకు బోల్టు దగ్గరే విప్పాలి. కొయ్యక తప్పకపోతే పొగ మొహాన కొట్టకుండా గాలికి ఎగువన నిలబడాలి. పాత రంగును పొడిగా గీకకూడదు, తడిపి గీకి, ఆ పెచ్చులు సంచిలోకి ఎత్తాలి.

చివరికి పునాది. చుట్టూ తవ్వి, కాంక్రీటు దిమ్మను మొత్తం పైకి లాగి, గొయ్యిని అదే రోజు మట్టితో నింపి, నీళ్లు పోసి దిమ్మిస కొట్టాలి. ‘రేపు పూడుస్తాం’ అన్న గొయ్యి మన దేశంలో రేపు అన్న మాటకు అర్థం చెబుతుంది.

విప్పినదాన్ని ఏం చెయ్యాలి? వీధుల్లో, బహిరంగ స్థలాల్లో, కాలవల్లో చెత్త పారెయ్యకూడదు, కాల్చకూడదు, పూడ్చకూడదు అని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు మూడు ముక్కల్లో చెప్పాయి. మనం ఒక్కో ముక్కకూ ఒక్కో శాఖ పెట్టుకున్నాం. కాంక్రీటును కాలవ గట్టున పారేస్తాం. ప్లాస్టిక్‌ను భోగి పేరుతో కాలుస్తాం. మిగిలినదాన్ని పార్కులోనే ఒక మూల పూడుస్తాం, పై వానకు తేలుతుంది. నిజానికి పని అంత కష్టం కాదు. ఇనుము ఎన్నిసార్లు కరిగించినా ఇనుమే, పాత సామాన్లవాడు సంతోషంగా పట్టుకెళ్తాడు. అచ్చులో పోసిన ప్లాస్టిక్ జారుడుబల్లను ముక్కలు చేసి రీసైక్లింగుకు ఇవ్వొచ్చు. పేచీ అంతా ఫైబరుతో. అది గాజు పీచు, రెసిన్ కలిసిన సరుకు. తూకానికి ఎవరూ కొనరు, కోస్తే ఒళ్లంతా దురద, కాలిస్తే నల్లటి పొగ. ఇక టైరు ఉయ్యాల. దాని కడుపులో నిలిచిన వాననీళ్లలో డెంగీ దోమ పురుడు పోసుకుంటుంది. అంటే పిల్లలు మానేసినా ఆ ఉయ్యాల ఎవరో ఒకరిని ఊపుతూనే ఉంటుంది.

ఈ ఫైబరు చిక్కుముడిని మా ఊరి పక్క గేటెడ్ కమ్యూనిటీవాళ్లు ఎంత చక్కగా విప్పారో చెప్పాలి. వాళ్ల తోటలో ఏనుగు ఆకారపు జారుడుబల్ల ఎండకు పెళుసెక్కి, తొండం దగ్గర పగిలి, పీచు బయటికి వచ్చింది. వాట్సాప్ గ్రూపులో మూడు రోజులు చర్చ జరిగింది. పాత సామాన్లవాడు వద్దన్నాడు, మున్సిపాలిటీ బండి ఎక్కించుకోనంది. నాలుగో రోజున ఎవరికో కరుణ పుట్టింది. ‘మన పిల్లలకు పనికిరాకపోతేనేం, అంగన్‌వాడీకి ఇద్దాం’ అన్నారు. ఇచ్చారు. పగిలిన ఏనుగు పక్కన పదకొండు మంది దాతలు, అంగన్‌వాడీ టీచరు, ఏం జరుగుతోందో తెలియని పాతికమంది పిల్లలు కలిసి దిగిన ఫొటో మర్నాడు పేపర్లో పడింది. చెత్త పారేస్తే జరిమానా, అదే చెత్తను పేదవాడి వాకిట్లో పారేస్తే దానం. ఏనుగు చచ్చినా బతికినా వెయ్యి వరహాలంటే ఏమో అనుకున్నాను.

మందు బిళ్లకు గడువు తేదీ ఉంటుంది. పాల ప్యాకెట్టుకు ఉంటుంది. మన ప్రాణాలకే చీటీ రాసి పెట్టి ఉంటుందంటారు. ఎండకు ఎండి, వానకు తడిసి, రోజుకు వందమంది పిల్లల్ని మోసే ఇనప బల్లకు మాత్రం గడువు లేదు. నేనడిగేది ఒక్కటే. కొత్త ఉయ్యాలకు ఎస్టిమేటు రాసేటప్పుడే కింద ఇంకో వరస రాయండి: ఎన్నేళ్లకు పీకాలి, ఎవరు పీకాలి, దేని కింద ఖర్చు రాయాలి. పెట్టినవాడే పీకాలి, పునాదితో సహా. కావాలంటే ఆ తేదీని శిలాఫలకం మీదే చెక్కించండి, పద్నాలుగు పేర్ల కింద పదిహేనోదిగా. ఆ రోజున మళ్లీ రండి. రిబ్బను కట్టిస్తాం, కత్తెరకు బదులు స్పానరు ఇస్తాం, శాలువా మేమే కప్పుతాం. ఫొటో కూడా తీయిస్తాం, ఇంకేం కావాలి?

ఈ మాటలన్నీ అర్జీగా రాసి ఇచ్చాను. జవాబు వచ్చింది. ‘సదరు పార్కును తనిఖీ చేయగా, అర్జీదారు పేర్కొన్న ఉయ్యాల, జారుడుబల్ల సదరు స్థలంలో లేవు. కావున వాటివలన ఎట్టి ప్రమాదమూ లేదు. అర్జీ పరిష్కరించడమైనది.’

ఆ మర్నాడే పార్కులోకి వెల్డింగు మిషను వచ్చింది. మొండి పైపులకు మోక్షం వచ్చిందని పరిగెత్తాను. అందులో రెండు పైపుల మీద పొడుగాటి ఇనప బోర్డు నిలబెట్టి అతుకుతున్నారు. ‘ఓపెన్ జిమ్ ప్రారంభోత్సవం.’ కింద పేర్లు లెక్కపెట్టాను. పదహారు. మిగతా రెండు పైపులు ఏం చేస్తారని వెల్డింగు కుర్రాణ్ని అడిగాను.

“ఉండనీండి సార్” అన్నాడు. “పై ఏడు ఇంకో బోర్డుకి పనికొస్తాయంట.”